గోడకీ తొట్టెకీ మధ్య సందు

ఆ శాఖలో నంబరు లేని వస్తువు లేదు. కుర్చీకి నంబరు, కుర్చీ మీది దిండుకు నంబరు, దిండులోని నల్లులకు తప్ప అన్నింటికీ నంబరు. బాత్రూములో చెంబుకు ఒక నంబరు, చెంబును కట్టేసిన గొలుసుకు ఇంకో నంబరు. నంబరుంటేనే వస్తువు ఉన్నట్టు. లేకపోతే అది ఎదురుగా నిలబడి తుమ్మినా లేనట్టే.

ఏటా ఎండాకాలంలో మొహిద్దీన్ అనే ముసలి అటెండరు తెల్ల పెయింటు డబ్బా, కుంచె పట్టుకొచ్చి, వెలిసిపోయిన నంబర్లన్నీ మళ్ళీ దిద్ది పోయేవాడు. ఒక ఏడు అతిథి గృహం వసారాలో బెంచీ మీద పెయింటు ఆరకముందే ఒక కుక్క దానికి ఒళ్ళు రుద్దుకుంది. ఆ ఏటి లెక్కల్లో బెంచీ ఒకటి ఎక్కువ తేలింది. తక్కువ తేలితే ఏం చెయ్యాలో రూలుంది గానీ, ఎక్కువ తేలితే ఏం చెయ్యాలో లేదు. అందువల్ల ఆ కుక్క చచ్చేదాకా బెంచీగానే బతికింది. చచ్చాక విరిగిన సామాన్ల గదిలో పెట్టమని ఉత్తర్వు వచ్చింది. పెట్టారు. ఆ గది తలుపు తియ్యడానికి ఇప్పటికీ ఎవరూ ముందుకు రారు.

ఆ శాఖవారి అతిథి గృహం గుమ్మలపేటలో ఊరి బయట మెట్ట మీద ఉంది. దానికి వాచ్‌మనూ, తోటమాలీ, పక్కలు దులిపేవాడూ, పెద్దలొస్తే బూట్లు తుడిచేవాడూ అంతా దాలినాయుడే. అతనికి మాత్రం నంబరు లేదు. చేరిన కొత్తల్లో "రేపో మాపో పర్మనెంటు చేసి నంబరిస్తాంరా" అన్న ఆఫీసరు రిటైరయ్యాడు, కాలం చేశాడు, ఆఫీసు గోడ మీద పటమయ్యాడు. ఆ పటానికి కూడా నంబరు పడింది. దాలినాయుడికి పడలేదు.

అతనూ, అతని పెళ్ళాం అసిరమ్మా కింద అంతస్తులో ఒక గదిలో ఉంటారు. వాళ్ళ మంచానికి సరిగ్గా పైన, మేడ మీద, పెద్దవాళ్ళ గదికి చేర్చిన బాత్రూము ఉంది. అందులో స్నానపు తొట్టె ఉంది. పడుకుని స్నానం చేసే రకం. ఎప్పుడో రాజధాని నుంచి ఒక మహా పెద్దాయన వస్తున్నాడని దాన్ని కొన్నారు. ఏ ఖాతాలో కొనాలో తెలియక, మనిషి పడుకునేదే కదా అని మంచాల ఖాతాలో రాశారు. ఫ-112. ఆ పెద్దాయన రానే వచ్చాడు, తొట్టెను ఎగాదిగా చూసి, పక్కన నిలబడి చెంబుతో పోసుకుని వెళ్ళిపోయాడు.

అది మొదలు వచ్చిన ప్రతి ఆఫీసరూ అందులో పడుకుని పాట పాడాల్సిందే. లేచినప్పుడల్లా నీళ్ళు పొర్లేవి. తొట్టె అంచుకూ గోడ పలకలకూ మధ్య మొదట్లో ఏదో తెల్లటి పూత ఉండేది. ఏళ్ళ తరబడి నాని నల్లబడి, పొట్టు రేగి, ఒకనాటికి అంతా రాలిపోయింది. వేలు పట్టేంత సందు మిగిలింది. పైన పాట మొదలవడం, కింద అసిరమ్మ మంచం జరుపుకోవడం, ఇలా కొన్నాళ్ళు సాగింది. జరపడానికి ఇక జాగా లేని రోజున శ్లాబు పెచ్చు ఒకటి ఊడి, సరాసరి గంజి కుండలో పడింది.

అసిరమ్మ తల పైకెత్తి చూసింది. శ్లాబులో ఇనప చువ్వలు తుప్పుపట్టి పక్కటెముకల్లా కనిపిస్తున్నాయి.

"మావా, ఇయ్యాల కుండలో పడింది. రేపు మన నెత్తి మీద పడతాది. ఆ సందు మూయించీసి రా. నేకపోతే నాను మా అప్ప కాడికెల్లిపోతాను."

"మీ అప్ప రానిస్తాదా?"

"రానీదు. అందుకే ఎల్లి సందు మూయించమంతన్నాను."

దాలినాయుడు తలపాగా చుట్టుకుని ఆఫీసుకు వెళ్ళాడు.

అక్కడ సామాన్ల విభాగానికి కామకోటిగారని సూపరింటెండెంటు. పళ్ళ మధ్య పుల్ల తియ్యకుండానే అంతా విన్నాడు.

"తొట్టె మాదే, కాదనను. నీళ్ళు తొట్టెలో ఉన్నంతసేపూ మా పరిధి. అంచు దాటిన ఉత్తరక్షణం సదరు నీళ్ళతో ఈ విభాగానికి ఎట్టి సంబంధమూ లేదు. గోడల వాళ్ళను అడుగు."

గోడలూ కట్టడాలూ పక్క గదిలో. అక్కడి గుమాస్తా ఇంకా స్పష్టంగా చెప్పాడు. "గోడ మాది. గోడ బాగుంది. కారేది గోడా?"

"కాదు బాబూ, గోడకీ తొట్టికీ మద్దిన సందు."

"ఆ సందు నంబరెంత?"

"సందుకి నంబరేటి బాబూ!"

"లేదా? మరి లేని దానికి రిపేరేంటయ్యా?"

దాలినాయుడికి ఆ ముక్క కొత్తగా అనిపించలేదు. తన గురించి కూడా ఆ ఆఫీసులో అదే మాట ఎన్నోసార్లు విన్నాడు. ఆ అతిథి గృహంలో నంబరు లేనివి రెండే రెండు: ఆ సందూ, తనూ. ఒకదాని కింద ఒకటి ఉంటున్నాయి.

అతను తలుపు దాటబోతుంటే వెనకనుంచి పిలుపు వచ్చింది. పిలిచింది ఆ ఆఫీసుకంతటికీ పెద్ద, కార్యనిర్వాహక ఇంజనీరు చిదంబరేశ్వరరావుగారు. ఆయన కొద్దిరోజులుగా దిగులు మీద ఉన్నాడు. ప్రధాన కార్యాలయం నుంచి 'అజ్ఞాత ఆస్తుల గుర్తింపు మహోద్యమం' అని ఒక పిలుపు వచ్చింది. ఇంతవరకూ ఏ లెక్కకూ ఎక్కని శాఖ ఆస్తులను వెతికి పట్టుకుని నంబరు వెయ్యాలి. పొరుగు జిల్లా వాళ్ళు ఒక దిబ్బనూ, రెండు ప్రతిధ్వనులనూ పట్టేశారని వినికిడి. ఈయనకు చీపురుపుల్ల కూడా దొరకలేదు.

"ఏమన్నావ్? నంబరు లేని సందా? మన శాఖ ఆవరణలోనే?"

"అవును బాబూ. నీల్లు కారిపోతన్నాయి."

"ఎన్నాళ్ళుగా ఉందది?"

"సానా ఏల్ల నుంచి."

ఇంజనీరుగారు కుర్చీలోంచి లేచి వచ్చి దాలినాయుడి భుజం మీద చెయ్యి వేశారు. ఆ భుజం మీద ఇంతవరకూ మూటలే పడ్డాయి గానీ ఆఫీసరు చెయ్యి పడలేదు. దాలినాయుడికి కళ్ళు చెమర్చాయి. ఇంటికెళ్ళి చెప్పాడు. "మన పని అయిపోయినట్టే, అసిరీ. పెద్దబాబు సొయానా వస్తన్నాడు."

పెద్దబాబు స్వయానా వచ్చాడు. వెనక కామకోటిగారు, ఆ వెనక టేపు పట్టుకుని ఇద్దరు, అందరి వెనక పెయింటు డబ్బాతో మొహిద్దీన్. బాత్రూము గుమ్మానికి మామిడాకులు కట్టారు. సందు పొడుగు కొలిచారు, వెడల్పు కొలిచారు. లోతు దగ్గర టేపు దిగుతూ దిగుతూ పోయి, కింద గదిలో అసిరమ్మ పప్పులో తేలింది. ఆమె దాన్ని కడిగి పైకి పంపింది. 'లోతు: అపారం' అని రాసుకున్నారు.

మొహిద్దీన్ సందు పక్కన పలక మీద 'అం-1' అని వేశాడు. అంతరము, మొదటిది. ఇంజనీరుగారు కొబ్బరికాయ కొట్టి ప్రసంగించారు.

"నేటివరకూ అనామకంగా, అనాదరణకు గురై, నిశ్శబ్దంగా సేవలందించిన సదరు అంతరమును నేడు శాఖ తన అక్కున చేర్చుకొనుచున్నది."

అందరూ చప్పట్లు కొట్టారు. కొబ్బరినీళ్ళు సందులోంచి దిగిపోయి అసిరమ్మ దుప్పటి మీద పడ్డాయి.

"బాబూ, నంబరు పడింది గదా, ఇంక మూసీస్తారా?" అన్నాడు దాలినాయుడు.

ఇంజనీరుగారి మొహం మాడిపోయింది. "మూయడమా? బల్లకు నంబరు వేస్తే నరుకుతామా? అంతరము ఆస్తి. ఆస్తిని పూడ్చుట అనగా ఆస్తిని ధ్వంసం చేయుట. ఇంకోసారి ఆ మాట అనకు."

దాలినాయుడు కిందకి దిగి వచ్చి మంచం మీద కూలబడ్డాడు. అసిరమ్మ అంతా విని, "అడగడానికి ఎల్లి సందుకి పెల్లి సేసొచ్చినావు" అంది.  మర్నాడు సంత నుంచి తెల్ల సిమెంటు తెచ్చి, నీళ్ళు కలిపి, గరిటె వెనక వైపుతో సందు ఆ కొసనుంచి ఈ కొసదాకా నింపేసి, చీర చెంగుతో నున్నగా తుడిచింది. వంటకు పట్టినంతసేపు కూడా పట్టలేదు.

ఆ తరవాత ఎంతమంది ఆఫీసర్లు ఎన్ని పాటలు పాడినా కింద చుక్క పడలేదు. మంచాన్ని మళ్ళీ గది మధ్యకు లాక్కున్నారు. దాలినాయుడు వెల్లకిలా పడుకుని శ్లాబు చూస్తూ, ఇనప చువ్వలను కూడా ఎలాగోలా కప్పించాలని లెక్కలు కట్టుకున్నాడు. లోకంలో సుఖమంటే పొడిగా ఉన్న దుప్పటేనని అసిరమ్మ తేల్చింది.

అంతలోకి ఆస్తుల తనిఖీ వచ్చింది. కామకోటిగారు బాత్రూములోకి వెళ్ళారు. చెంబు ఉంది, గొలుసు ఉంది, తొట్టె ఉంది. అం-1 అనే అంకె ఉంది. అంతరం లేదు.

ఆయన పెట్టిన కేకకు గోడ మీది బల్లి కింద పడింది. ఇంజనీరుగారు జీపులో వచ్చారు.

"దాలినాయుడూ, అంతరం ఏమైంది?"

"నాకేటి తెలుస్తాది బాబూ! ఉన్న కాడే ఉండాల."

"లేదు. అదృశ్యమైంది. పట్టపగలు, నీ కాపలాలో ఉండగా, శాఖవారి అంతరాన్ని ఎవడో పట్టుకుపోయాడు!"

తెల్ల సిమెంటు సంగతి వాళ్ళకు కళ్ళ ముందే ఉంది. కానీ సిమెంటు వేరే విషయం. దాన్ని 'ఆక్రమణ' అని విడిగా రాసుకున్నారు. అక్కడ ఉండాల్సిన ఖాళీ ఎటు పోయిందన్నది అసలు విషయం. వస్తువు కనిపించకపోతే సిబ్బంది ఇళ్ళు సోదా చెయ్యాలని రూలు. సోదాకు కిందకి దిగారు.

అసిరమ్మ గుమ్మంలో కొంగు దోపుకుని నిలబడింది. "ఏటి ఎతుకుతున్నారు బాబూ?"

"ఖాళీ కోసం అమ్మా."

"మా ఇంట్లో ఉన్నదంతా అదే. ఏ డబ్బా కావాలో తీసి సూసుకోండి."

బియ్యం డబ్బా చూశారు, ఉప్పు కుండ చూశారు, ట్రంకు పెట్టె అడుగు తట్టి చూశారు. చివరికి కామకోటిగారు తల పైకెత్తి, "సార్!" అని గట్టిగా అరిచారు. శ్లాబు అడుగున, మంచానికి సరిగ్గా పైన, పొడుగాటి పగులు ఒకటి ఉంది. టేపు పెట్టి కొలిచారు. పోయిన అంతరం ఎంత పొడుగో ఇదీ అంతే పొడుగు.

"దొరికింది," అన్నారు ఇంజనీరుగారు, దాలినాయుడి వంక జాలిగా చూస్తూ. "ఎంత పని చేశావురా! తెచ్చి నీ ఇంటి కప్పులో దాచుకున్నావా?"

"బాబూ, అది పగులు! పైన నీల్లు కారీ కారీ..."

"దొంగసొత్తు దొరికిన చోటు. గదిని స్వాధీనపరచుకొనుచున్నాము."

వాళ్ళ మంచం, కుండలు లోపలుండగానే తలుపు మూసి, గుడ్డ చుట్టి, లక్క కాల్చి సీలు వేశారు. ఇంజనీరుగారు తన ఉంగరంతో స్వయంగా ముద్ర గుద్దారు. "ఈ సీలు నా సమక్షంలో నేనే తీయవలెను. అన్యులు తాకరాదు." మేడ మీద ఇద్దరు మనుషులు ఉలీ సుత్తీ తీసుకుని ఆక్రమణ తొలగించారు. అంతరం దాని స్థానంలోకి మునుపటికన్నా వెడల్పుగా వచ్చింది. అభివృద్ధి అని రాసుకున్నారు. దాలినాయుడి మీద దయతలచి, శిక్ష కింద అంతరానికి కాపలా వేశారు. ఆలుమగలు వసారాలో, వెనకటికి కుక్క పడుకునే మూల, చాప వేసుకున్నారు.

"ఇక్కడ జల్లు కొడతాది, మావా," అంది అసిరమ్మ, వానమబ్బు చూస్తూ.

"కొట్టనీ. జల్లు సంగతి ఎవుడికీ సెప్పకు. దానికీ నంబరేసీసి ఆపకుండా కురిపిత్తారు."

అంతరం ఖ్యాతి ప్రధాన కార్యాలయం దాకా వెళ్ళింది. ఆస్తి మంచిదే గానీ దాని పనితీరేమిటని అడిగారు. వినియోగ స్థితిలో పరీక్షించి నివేదించమన్నారు. వినియోగ స్థితి అంటే తొట్టె నిండా నీళ్ళు, నీళ్ళలో ఒక అధికారి. ఇంజనీరుగారు ఆ బాధ్యత కిందివాళ్ళ మీదకు నెట్టే మనిషి కాదు. బూట్లు మాత్రం విప్పి, టై కట్టుకునే తొట్టెలో పడుకున్నారు. కామకోటిగారు చుట్టూ మనుషులను నిలబెట్టారు. అందరికీ కనిపించాలి కదా. కుళాయి తిప్పారు. నీళ్ళు అంచుకు వచ్చాయి, దాటాయి, సందులోకి గళగళమని దిగాయి.

"ప్రవాహం అమోఘం," అన్నారు ఇంజనీరుగారు. "రాసుకోండి. సదరు అంతరము..."

"బాబూ, దిగిపోండి," అన్నాడు గుమ్మంలోంచి దాలినాయుడు. "కింద సువ్వలు తుప్పట్టీసినాయి. శ్లాబు ఆగదు."

"కింద ఏమున్నదో నీకెలా తెలుసు? అది సీలు వేసిన గది!" అన్నారు కామకోటిగారు, పట్టుకున్నట్టుగా.

శ్లాబు ఒక్కసారి మూలిగింది. చుట్టూ నిలబడ్డవాళ్ళు గుమ్మంలోకి దూకారు. తొట్టె పెద్ద తొందరేమీ లేకుండా, నీళ్ళతో, ఇంజనీరుగారితో, టైతో సహా కిందకి దిగిపోయింది. అం-1 అని రాసిన పలక కూడా వెంట వెళ్ళింది. కింద పెద్ద చప్పుడైంది. దుమ్ము లేచింది. దుమ్ములోంచి, కొంచెం ఆగి, ఇంజనీరుగారి గొంతు వినబడింది.

"...సంతృప్తికరముగా పనిచేయుచున్నది. రాశారా?"

ఆయనకు ఏమీ కాలేదు. తొట్టె దాలినాయుడి మంచం మీద, దూదిపరుపు మీద దిగింది. మంచం మాత్రం పేళ్ళు పేళ్ళయింది. దాలినాయుడు పరుగున కిందకి వెళ్ళి తలుపు మీద భుజం వేశాడు. కామకోటిగారు చేతులు చాచి అడ్డం నిలబడ్డారు.

"సీలు! సీలు తాకకు! దొరగారు స్వయంగా తీయవలసినది!"

"దొరగోరు లోపలున్నారు గదా బాబూ!"

"అదే చిక్కు. బయటకి వస్తే గానీ తీయలేరు. తీస్తే గానీ బయటకి రాలేరు."

లోపల్నుంచి ఇంజనీరుగారు కూడా రూలు వైపే మాట్లాడారు. తన సీలును తను లేకుండా ఎవడైనా పగలగొడితే సస్పెండు చేస్తానన్నారు. పోనీ పైనుంచి నిచ్చెన వేద్దామంటే, ఆ దారంతా ఇప్పుడు అంతరమే. అందులో నిచ్చెన పెట్టడం ఆక్రమణ కిందికి వస్తుందని కామకోటిగారు గుర్తు చేశారు. ఇంజనీరుగారు అది నిజమేనని ఒప్పుకుని, లోపల తొట్టెలోనే కూర్చుని ఆలోచించసాగారు.

ఆకలి వేళకు అసిరమ్మ ఉప్మా గిన్నెకు తాడు కట్టి, కంతలోంచి దింపింది. తలవంచి చూస్తూ అడిగింది.

"బాబూ, ఎక్కడ పడినారో సూసుకున్నారా? అది మా మంచం. మేం పడుకునే యేళకి అదిలా పడుంటే?"

ఇంజనీరుగారు ఉప్మా నములుతూ పైకి చూశారు. "అందుకేనమ్మా, ముందుచూపుతో సీలు వేశాము. కామకోటీ, ఇది కూడా రాయి. అధికారుల దూరదృష్టి వల్ల రెండు ప్రాణములు దక్కినవి."

"ముందేనాడో గరిటెడు సిమెంటు దక్కుంటే సరిపోయీది," అంది అసిరమ్మ. దాన్ని ఎవరూ రాసుకోలేదు.

చివరికి ఇంజనీరుగారే తొట్టెలో కూర్చుని తనకు తాను తాత్కాలిక ఆక్రమణకు అనుమతి ఇచ్చుకున్నారు. నిచ్చెన దిగింది, ఆయన ఎక్కి వచ్చారు, మెట్లు దిగి వెళ్ళి బయటనుంచి సీలు ఉందో లేదో చూసుకుని, చెక్కుచెదరకుండా ఉన్నందుకు దాలినాయుడిని మెచ్చుకున్నారు.

ప్రధాన కార్యాలయం నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. వేలు పట్టే అంతరాన్ని గది పట్టేంతగా పెంచిన జిల్లా మరొకటి లేదట. దాలినాయుడి గది మొత్తం ఇప్పుడు అంతరం సరిహద్దులోకి వచ్చింది కాబట్టి, అందులో నివాసం నిషిద్ధం. వాళ్ళు వసారాలోనే ఉండవచ్చు, అదీ బెంచీ వేసే స్థలం వదిలి.

ఒక్క ఇబ్బంది మిగిలింది. నంబరున్న పలక ముక్కలైపోయింది. నంబరు లేకపోతే ఇంత పెద్ద అంతరమూ లేనట్టే. మళ్ళీ వేద్దామంటే అంతరం చుట్టూ ఉన్న ప్రతి పలకా వేలు తగిలితే ఊడేలా ఉంది. ఇంజనీరుగారు చుట్టూ చూశారు. ఆ చోట కదలకుండా ఉండేది, ఎన్ని ఏళ్ళయినా ఊడనిది ఒక్కటే కనిపించింది.

"దాలినాయుడూ, ఇటు తిరుగు."

తిరిగాడు. మొహిద్దీన్ డబ్బా మూత తీశాడు. ఖాకీ చొక్కా వీపు మీద చల్లగా కుంచె తగిలింది. 

"బాబూ, నాకు నంబరు వస్తన్నట్టేనా? పర్మనెంటేనా?"

"నంబరు అంతరానిది," అన్నారు ఇంజనీరుగారు. "నువ్వు గోడవి."

అం-1. పూర్తయ్యాక అసిరమ్మ చుట్టూ తిరిగి చూసింది. ఎన్నో ఏళ్ళు ఆ నంబరు కోసం కార్తీక సోమవారాలు ఉపవాసాలున్న మనిషి. చదువురాదు గనక వేలుతో గాల్లోనే ఆ అంకె వంపులు దిద్దుకుంది.

"ఓలమ్మో, నంబరు పడిపోయింది మావా. ఇంక నువ్వు ఇరిగిపోయినా బాగుసెయ్యరు."

బయట వాన మొదలైంది. వసారాలోకి జల్లు కొడుతోంది. తడవకుండా ఉందామని దాలినాయుడు గోడవైపు వెనక్కి జరిగాడు. మొహిద్దీన్ కంగారుగా చెయ్యి అడ్డం పెట్టాడు. అతనికి ఆ బెంచీ, ఆ కుక్క బాగా గుర్తు.

"భాయ్, భాయ్, గోడకి ఆనకు! పెయింటు తడి. ఆరేదాకా గోడకీ నీకూ మధ్య జానెడు సందు ఉంచు."

దాలినాయుడు సందు ఉంచి నిలబడ్డాడు.